కిరాణా కొట్ల ఉద్దెర పద్దు మీద 12 వారాల డైరీ స్టడీ: ప్లాన్ చూసి తప్పులు పట్టండి

పద్దుపుస్తకం
అందరికీ నమస్కారం. చిన్న కిరాణా కొట్లలో ఉద్దెర పద్దూ యూపీఐ చెల్లింపులూ పక్కపక్కనే ఎలా నడుస్తున్నాయో చూడటానికి డైరీ స్టడీ (జరిగింది జరిగినట్టు కొట్టువాళ్లే ఎప్పటికప్పుడు చెప్పి పంపే అధ్యయనం) వేస్తున్నాం. 16 కొట్లు: ఖమ్మం చుట్టుపక్కల పల్లెల్లో 8, నరసరావుపేట చుట్టుపక్కల 8. జులై మొదటి వారం నుంచి 12 వారాలు. మొదటి రెండు వారాలు రోజుకొక వాయిస్ నోట్, మిగతా పది వారాలు వారానికి రెండు, అంతా వాట్సాప్‌లోనే. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి 75 నిమిషాల ఇంటర్వ్యూలు. మధ్యలో రెండు వారాలకోసారి 20 నిమిషాల ఫోన్, మొత్తం 5. నోట్‌కి 50 రూపాయల చొప్పున ఇద్దామని ఉంది. రీసెర్చర్లం ఇద్దరం. రోజూ పంపే ప్రశ్న: "ఈరోజు ఎవరికైనా అరువు ఇచ్చారా? ఎంత? యూపీఐలో ఎంత వచ్చింది?"
ఎక్కడ బోల్తా పడతామో చెప్పండి.

గట్టుమీద
ముందు తేదీలు మార్చండి, మిగతావి తర్వాత చూద్దాం. జులైలో మొదలుపెట్టి సెప్టెంబరుకి ముగిస్తే మీకు కనిపించేది పద్దు పెరగడమే, తీరడం కాదు. ఆ నెలల్లో రైతు చేతిలో ఉన్న డబ్బు విత్తనాలకీ ఎరువులకీ పోతుంది, ఇంటి సరుకంతా ఉద్దెర మీదే. పత్తి ఏరడం అక్టోబరు నుంచి. మిర్చి యార్డుకి జోరుగా వచ్చేది జనవరి దాటాక, ఏప్రిల్ దాకా. మీరు ఎంచుకున్న రెండు ప్రాంతాలూ పత్తి, మిర్చి పండేవే. డబ్బు వచ్చిన రోజున పాత పద్దు నగదుతో తీరుస్తున్నారా, ఫోన్‌లోనా, సగం తీర్చి కొత్త పద్దు మొదలుపెడుతున్నారా అన్నదే మీ అసలు ప్రశ్న అయితే, అది మీ 12 వారాల్లో ఒక్కసారి కూడా జరగకపోవచ్చు.
12 అనే అంకె బడ్జెట్ నుంచి వచ్చింది, పొలం నుంచి రాలేదు.

పద్దుపుస్తకం
నిజమే, 12 బడ్జెట్ నుంచే వచ్చింది. మరి తొమ్మిది నెలలు నడపాలా? అంత స్తోమత లేదు.

గట్టుమీద
తొమ్మిది నెలలూ ఒకే వేగంతో నడపక్కర్లేదు. రెండు దఫాలుగా విడగొట్టండి. సెప్టెంబరు మొదట్లో 6 వారాలు గట్టిగా. తర్వాత ఫిబ్రవరి నడిమి దాకా సన్నగా, రెండు వారాలకు ఒకే ఒక్క నోట్. అక్కడి నుంచి మళ్లీ 4 వారాలు గట్టిగా. మనుషులు అవే 16 మంది. ఈ నడిమి కాలం ఉత్త విరామం కాదు, తాడు తెగకుండా పట్టుకోవడం. పూర్తిగా వదిలేస్తే ఫిబ్రవరికి సగం మంది ఫోన్ ఎత్తరు.
దసరా, సంక్రాంతి వారాల్లో రోజువారీ నోట్లు అడగొద్దు. కొట్టులో నిలబడే చోటుండదు, నోట్లు రావు, వాళ్లు మానేశారనుకుని మీరు కంగారు పడతారు. పండగ అయిన మూడో రోజు ఒకే ప్రశ్న వేస్తే చాలు.

కోడ్‌బుక్
గంటల లెక్క ఎవరూ వేయలేదు. మొదటి ప్లాన్ ప్రకారం మనిషికి 14 + 20 = 34 నోట్లు, 16 మందికి 544. ఒక్కోటి సగటున 90 సెకన్లు అనుకుంటే 13.6 గంటలు. ఫోన్లు 5 × 20 నిమిషాలు × 16 = దాదాపు 27 గంటలు. ఇంటర్వ్యూలు 40 గంటలు. మొత్తం 80 గంటల ఆడియో. గంట ఆడియోని చేత్తో రాయడానికి 4 నుంచి 6 గంటలు పడుతుంది. 5 చొప్పున వేసినా 400 గంటలు, అంటే ఒక మనిషి రోజుకు 8 గంటలు కూర్చుంటే 50 పనిదినాలు. విశ్లేషణ ఇంకా మొదలే కాలేదు!
అన్నీ అక్షరం పొల్లుపోకుండా రాయాల్సిన పనిలేదు. డైరీ నోట్లూ చివరి ఇంటర్వ్యూలూ పూర్తిగా రాయండి. మొదటి ఇంటర్వ్యూలకీ ఫోన్లకీ అదేరోజు అర పేజీ సారాంశం, పక్కన నిమిషాల గుర్తులు. కావాలన్నప్పుడు ఆ నిమిషానికి వెళ్లి వినొచ్చు.

చెవినవేస్తా
మీ ప్రశ్న గురించి నాలుగు మాటలు. "ఎవరికైనా ఇచ్చారా" అంటే "ఆ, ఇచ్చాం" అని ఆగిపోతారు. "ఎంత" అంటే అంకె చెప్తారు, కథ చెప్పరు. పైగా ఒకే నోట్‌లో మూడు ప్రశ్నలు పెడితే చివరిదానికే జవాబొస్తుంది, అది మనుషుల తీరు.
ఇలా అడిగి చూడండి: "ఇయ్యాల చివరిసారి పద్దు రాసినప్పుడు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి. ఎవరొచ్చారు, ఏం అడిగారు, మీరేమన్నారు, ఎక్కడ రాశారు." ఒకే సంఘటన, ఒకే ప్రశ్న. "చివరిసారి" అన్న మాట ముఖ్యం. అది లేకపోతే "మామూలుగా అయితే..." అని సాధారణ సూత్రం చెప్తారు. డైరీ పెట్టిందే ఆ "మామూలుగా"ని తప్పించడానికి.
మాటలు కూడా చూసుకోండి. ఖమ్మం వైపు ఉద్దెర, గిరాకీ. నరసరావుపేట వైపు అరువు, బేరం. రెండు చోట్లకీ ఒకే రికార్డింగ్ పంపితే ఒక వైపు వాళ్లకి మీరు పరాయివాళ్లు అయిపోతారు. ప్రశ్నని టైపు చేయకుండా గొంతుతోనే పంపండి, 20 సెకన్లు దాటకుండా. మీరు ఎంత సాఫీగా, ఎంత పొడుగ్గా మాట్లాడితే జవాబూ ఆ కొలతలోనే వస్తుంది.
ఇంకోటి. రెండు రాష్ట్రాల్లోనూ "ఫోన్‌పే చేశాడు" అంటే ఆ యాప్‌లోనే చేశాడని అర్థం కాదు, ఏ యూపీఐ యాప్‌తో కట్టినా చాలామంది అదే మాట వాడతారు. ఏ యాప్ అన్నది మీకు ముఖ్యమైతే మాట మీద ఆధారపడకండి, చివరి ఇంటర్వ్యూలో ఫోన్ తెరిచి చూపించమనండి.

నాలుగోవారం
నా పేరే ఈ సమస్య. మొదటి రెండు వారాలు ఉత్సాహంతో వస్తాయి. మూడో వారం చివర్లో నోట్లు 90 సెకన్ల నుంచి 20 సెకన్లకి పడిపోతాయి, నాలుగో వారంలో "నిన్నటిలాగే" అని వస్తుంది. దాన్ని అలసట అని రాసేస్తారు గానీ సగం కారణం వేరే. చెప్పింది ఎవరైనా విన్నారో లేదో వాళ్లకి తెలియదు. బావిలోకి ఎన్నాళ్లు మాట్లాడతారు?
అందుకే వచ్చిన నోట్ 24 గంటల్లో వినాలి, అందులోని ఒక విషయాన్ని పట్టుకుని జవాబివ్వాలి. "థాంక్యూ అండి" పనికిరాదు. "మొన్న నూనె ప్యాకెట్ పద్దులో రాయలేదన్నారు కదా, అలాంటివి ఎక్కడ గుర్తుపెట్టుకుంటారు?" అని అడగాలి. 16 మందికి రోజుకి గంటన్నర పని ఇది, ఇద్దరూ చెరో ఎనిమిది మందిని పంచుకోండి. మధ్యలో మనుషుల్ని మార్చుకోవద్దు.
మొదటి రెండు వారాలు రోజూ అడగడం కూడా ఎక్కువే. ఒక వారం చాలు. ఆ తర్వాత వారానికి మూడు.

కోడ్‌బుక్
జవాబివ్వాలన్నది సరే కానీ ఒక హెచ్చరిక. నూనె ప్యాకెట్ గురించి అడిగితే, వచ్చే వారం ఆయన రాయని పద్దుల కోసం వెతికి మరీ చెప్తాడు. మీ కుతూహలం ఆయన డైరీ అయిపోతుంది. "చాలా బాగా చెప్పారు" అంటే ఇంకా ప్రమాదం, బాగున్నవే ఏరి పంపుతారు.

నాలుగోవారం
ఒప్పుకుంటా. అయినా జవాబు లేని డైరీ కంటే కొంచెం వంగిన డైరీ మేలు. ఏ జవాబు ఎప్పుడు ఇచ్చారో నోట్ల పట్టికలోనే ఒక గడిలో రాసిపెడితే, ఒక విషయం మీరు అడిగాక వచ్చిందా, దానంతట అదే వచ్చిందా అన్నది తర్వాత విడదీయొచ్చు. అడగకముందు వచ్చిన దానికే ఎక్కువ బరువు.

కోడ్‌బుక్
అలాగైతే సరే. ఆ గడి లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

సంతకం
నోట్‌కి 50 రూపాయలు అన్నది తీసేయండి. నోటుకి నోటు అన్నమాట, లెక్క పెంచుకోవడానికి పంపేవి వస్తాయి. ఘట్టాలవారీగా ఇవ్వండి: చేరినప్పుడు 500, మొదటి దఫా అయ్యాక 1,500, మధ్య కాలం పూర్తయితే 1,000, రెండో దఫాకి 1,000, చివరి ఇంటర్వ్యూకి 1,500. మనిషికి 5,500. మధ్యలో మానేసినా అప్పటిదాకా రావాల్సింది ఇచ్చేయాలి, ఈ మాట మొదటిరోజే చెప్పాలి.
ఆ డబ్బు ఏ ఖాతాకి వెళ్తోందో కూడా చూడండి. కౌంటర్ మీద అతికించిన క్యూఆర్‌కి పంపితే సౌండ్‌బాక్స్ గిరాకీల ముందు మొత్తం అరిచి చెప్తుంది. ఆ క్యూఆర్ తరచూ భర్త ఖాతాది. నోట్లు పంపింది భార్య అయితే డబ్బు ఆమెకి చేరనట్టే.
ఇక్కడే అసలు చిక్కు: మీరు "కొట్టు" అని లెక్కపెడుతున్నారు, మాట్లాడేది మనిషి. పొద్దున ఆయన, మధ్యాహ్నం ఆమె, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన కొడుకు. పద్దు ఒకటే, చేతులు మూడు. మొదటి విజిట్‌లోనే ఏ గంటకి ఎవరు కూర్చుంటారో చిన్న బొమ్మ గీయించుకోండి. నోట్ పంపేవాళ్లు మొదట్లో తమ పేరు చెప్పాలి. సమ్మతి ఒక్కొక్కరి దగ్గరా విడిగా. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ల లోపువాళ్లంతా పిల్లల కిందే లెక్క, వాళ్ల డేటాకి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఇంటర్ చదివే పిల్లాడు కౌంటర్‌లో ఉంటే అతని గొంతు తీసుకోకపోవడమే సులువు.

పద్దుపుస్తకం
పద్దు పుస్తకం ఫోటోలు కూడా అడుగుదామనుకున్నాం. అందులో ఊరివాళ్ల పేర్లుంటాయి కదా?

సంతకం
ఉంటాయి. ఎవరు ఎంత బాకీ అన్నది ఊళ్లో పరువు సంగతి. పేర్ల వరస మీద కాగితం ముక్క అడ్డం పెట్టి ఫోటో తీయమనండి, మొదటి విజిట్‌లో ఒకసారి చేసి చూపించండి. యూపీఐ స్క్రీన్‌షాట్ అయితే వాట్సాప్‌లో పంపే ముందే గీత గీసే పనిముట్టుతో పేరూ నంబరూ కొట్టేయొచ్చు. అయినా మర్చిపోతారు. అలా వచ్చిన ఫోటోని మీరు అదేరోజు చెరిపి, చెరిపిన ప్రతినే దాచుకోండి. వాయిస్ నోట్లలో వచ్చే పేర్లకి "గిరాకీ 1, గిరాకీ 2" అని కొట్టు వరకే పనికొచ్చే గుర్తులు.
అమ్మకం ఎంత అని మాత్రం ఏ రూపంలోనూ అడగొద్దు. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి పన్ను నోటీసులు వెళ్లాయి, బెంగళూరులో కొందరు క్యూఆర్ తీసేసి నగదే తీసుకున్నారు. ఆ భయం మన దగ్గరా ఉంది. "యూపీఐలో ఎంత వచ్చింది" అన్న మీ మూడో ప్రశ్న వినగానే మీరు పన్నుల వాళ్లు అయిపోతారు. ఆ తర్వాత 12 వారాలూ అందమైన అబద్ధాలు వింటారు.

ఫోనుపెట్టె
వాట్సాప్ వైపు సంగతులు చెప్తాను.
స్టడీకి విడిగా ఒక ఫోన్, ఒక సిమ్. సొంత నంబర్లు వాడొద్దు, వాడితే స్టడీ అయ్యాక రెండేళ్లు మీరే కస్టమర్ కేర్. గ్రూప్ పెట్టొద్దు, అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, పైగా పక్క ఊరి కొట్టువాడి ముందు ఎవరూ బాకీలు చెప్పరు. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి, ఒకే మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా వెళ్తుంది. కానీ మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకి ఆ మెసేజ్ వెళ్లదు. అందుకే మొదటి విజిట్‌లో మీ కళ్ల ముందే సేవ్ చేయించండి. "ప్రశ్న పంపాం, 5 మంది అసలు జవాబివ్వడం లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.
డిసపియరింగ్ మెసేజెస్ ఆఫ్‌లో ఉందో లేదో ప్రతి చాట్‌లోనూ చూడండి. అవతలివాళ్లు 24 గంటలో 7 రోజులో పెట్టుకుని ఉంటే మీ డేటా దానంతట అదే మాయం.
ఆడియోని ఫార్వర్డ్ చేసి దాచొద్దు, ఎప్పుడు వచ్చిందో తెలియదు. వారానికోసారి చాట్ ఎక్స్‌పోర్ట్ చేస్తే తేదీ, సమయంతో సహా వస్తుంది. ఫైల్ పేరు: కొట్టు నంబరు, మనిషి గుర్తు, వారం, వరస. "ఖ03-భార్య-వా04-2" లాగా. అసలు పేర్లకీ ఈ గుర్తులకీ ముడిపెట్టే పట్టిక వేరే చోట, తాళంతో.
సమయం: పొద్దున 7 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 9 ముట్టుకోవద్దు. మధ్యాహ్నం 2 తర్వాత పంపండి.

చెవినవేస్తా
మధ్యాహ్నం 2కి పంపితే సాయంత్రం బేరం సంగతి మర్నాటికి గానీ రాదు, అప్పటికి సగం మర్చిపోతారు. కొట్టు కట్టేశాక గల్లా లెక్క చూసుకునే పది నిమిషాలే బంగారం. వాళ్ల చేతిలో పద్దు తెరిచి ఉంటుంది. ప్రశ్న 2కి పంపండి, జవాబు ఎప్పుడివ్వాలో వాళ్లనే ఎంచుకోమనండి.

ఫోనుపెట్టె
సరే, అది నయం.

కోడ్‌బుక్
విశ్లేషణ చివరిదాకా ఆపితే ఈ స్టడీ మామూలు ఇంటర్వ్యూల కుప్పగా మారుతుంది. నోట్లన్నీ కలిపి కోడ్లు (ఏ మాట ఏ విషయం కిందికి వస్తుందో చెప్పే గుర్తులు) వేసి, "నమ్మకం: 43 సార్లు" అని తేలిస్తే కాలం పోయినట్టే. కాలం కోసమే కదా ఇన్ని నెలలు.
ఒక పెద్ద పట్టిక పెట్టండి: అడ్డంగా వారాలు, నిలువుగా మనుషులు. ప్రతి శుక్రవారం ఒక్కో గడిలో రెండు వాక్యాలు: ఈ వారం ఏం జరిగింది, పోయిన వారం కంటే ఏం మారింది. ముందు ఒక మనిషిని ఎడమ నుంచి కుడికి చదవాలి, ఆ తర్వాతే మనుషుల్ని పోల్చాలి. మొదటి మూడు వారాలు కోడ్లు వేయకుండా చదవడమే. తర్వాత ఇద్దరూ అవే నాలుగు కొట్ల నోట్లు విడివిడిగా కోడ్ చేసి, ఎక్కడ తేడా వచ్చిందో కూర్చుని మాట్లాడండి. ఏకీభావం శాతం లెక్క కంటే ఆ గొడవలోనే ఎక్కువ దొరుకుతుంది.
పట్టిక పైన ఒక వరస ఖాళీగా ఉంచండి, బయటి సంగతులకి: పండగ, వాన, యార్డు సెలవులు, బ్యాంకు సర్వర్ పడిపోయిన రోజు, యాప్ అప్‌డేట్ వచ్చిన రోజు. అది లేకపోతే సర్వర్ పడిన వారాన్ని మీరు "నమ్మకం సడలిన వారం" అని రాసేస్తారు.

నాలుగోవారం
దానికి ఇంకో వరస కలపండి: మీ స్టడీ వల్లే వచ్చిన మార్పు. రోజూ పద్దు గురించి అడుగుతుంటే పద్దు సరిగ్గా రాయడం మొదలుపెడతారు. మొదటి విజిట్‌లో పాత పద్దు ఒక పేజీ ఫోటో తీసుకుని 6వ వారం పేజీతో పోల్చండి. రాత మారి, మొత్తాలు వేయడం మొదలైతే అది మీ ప్రభావం. మొదటి వారం నోట్లని అలవాటు కింద వదిలేయడమే మేలు, తేల్చే విషయాలకి వాడొద్దు.

పద్దుపుస్తకం
రాయడానికి మిషన్ వాడొచ్చా? తెలుగు స్పీచ్ మోడల్స్ ఉన్నాయి కదా.

చెవినవేస్తా
కేంద్ర ప్రభుత్వ భాషా వేదిక భాషిణి ఉంది, మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ వాళ్ల మోడల్స్ ఉన్నాయి. చిత్తుప్రతికి వాడండి. అవి దెబ్బతినేది సరిగ్గా మీకు కావాల్సిన చోటే: అంకెలు, పేర్లు, సగం తెలుగు సగం ఇంగ్లీషు మాటలు. "నూటిర్వై ఫోన్‌పే కొట్టిండు" లాంటి వాక్యం వెనక మిక్సీ మోత ఉంటే ఏమొస్తుందో చెప్పలేం. అంకె ఉన్న ప్రతి వాక్యాన్నీ చెవితో సరిచూడండి. ఏ మోడల్ అయినా సరే, ఆడియో బయటి సర్వర్‌కి వెళ్తుంటే సమ్మతి పత్రంలో ఆ మాట ఉండాలి.
ఇంగ్లీషు రిపోర్టు రాసేటప్పుడు "ఉద్దెర", "ఖాతా", "చేబదులు" మూడింటినీ ఒకే క్రెడిట్ కింద కలిపేయకండి. చేబదులు పద్దులోకే ఎక్కదు. ఆ తేడాయే మీ స్టడీలో ఒక అధ్యాయం కావచ్చు.

సంతకం
ఇంకొకటి ముందే రాసిపెట్టుకోండి. నోట్‌లో ఎవరైనా "డబ్బులు పోయాయి, ఎవరో ఓటీపీ అడిగారు" అంటే రీసెర్చ్ అక్కడితో ఆగాలి. వెంటనే ఫోన్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయమని చెప్పాలి, బ్యాంకుకి కూడా. శుక్రవారం పట్టిక నింపేటప్పుడు చూద్దాం అంటే డబ్బు చేతులు దాటిపోతుంది. నోట్లు 24 గంటల్లో వినాలి అన్నదానికి ఇదీ ఒక కారణం.

పద్దుపుస్తకం
మార్చిన ప్లాన్ ఇదీ. 21 కొట్లని అడిగి, మూడు రోజుల పరీక్ష పెడతాం. మూడింటిలో రెండు నోట్లు పంపినవాళ్లనే చేర్చుకుంటాం, 16 మిగలాలని లక్ష్యం. సెప్టెంబరు నుంచి 6 వారాలు: మొదటి వారం రోజూ, తర్వాత వారానికి 3, అంటే 22 నోట్లు. మధ్య 17 వారాల్లో 8. ఫిబ్రవరి నడిమి నుంచి 4 వారాలు, 12. మనిషికి 42, మొత్తం 672. 90 సెకన్ల చొప్పున 16.8 గంటలు. చివరి ఇంటర్వ్యూలు 20 గంటలు. పూర్తిగా రాయాల్సింది దాదాపు 37 గంటలు, 5 చొప్పున 185 గంటల పని. ఫోన్లు 5 నుంచి 3కి తగ్గించాం. డబ్బు సంతకం గారు చెప్పినట్టే, కౌంటర్ క్యూఆర్‌కి కాకుండా.

గట్టుమీద
పరీక్షకి 21 మంది చాలరు, ఇంకొందరిని అడగండి. పరీక్ష దాటినవాళ్లు 16 కంటే ఎక్కువుంటే కోసేయొద్దు. ఆరు నెలల్లో నాలుగో వంతు జారిపోతారని లెక్కవేసుకోవాలి. 20 మందితో మొదలుపెడితేనే చివర్లో 15, 16 చేతికొస్తారు. రాసే గంటలు, డబ్బు రెండూ 20కే వేసుకోండి. రెండు ఊళ్లకీ సమానంగా పంచండి, లేకపోతే ఒక వైపు నలుగురు మానేస్తే పోలికే ఉండదు.

నాలుగోవారం
చివరి ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఒక్కొక్కరి నోట్లలోంచి 8 ఏరి, తేదీతో పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకెళ్లండి. చదవలేనివాళ్లకి ఆ ఆడియోలే వినిపించండి. కౌంటర్ మీద వరసగా పరిచి, "సెప్టెంబరులో ఇలా అన్నారు, ఫిబ్రవరిలో ఇలా అన్నారు, మధ్యలో ఏమైంది?" అని అడిగి ఊరుకోండి. 75 నిమిషాలు చాలవు, 90 పెట్టుకోండి.

పద్దుపుస్తకం
90 అంటే 20 మందికి ఒక్క చివరి ఇంటర్వ్యూలే 30 గంటలు. 185 గంటల లెక్క మళ్లీ తప్పింది. సరే, రాత్రికి కొత్త షీట్ పెడతా.